ఫిడేలు నాయుడు గారి ఊళ్లో పక్కన కూర్చునేవాళ్లు

నేను కచేరీలు వెనక నుంచి చూస్తూ పెరిగాను. మాటవరసకి కాదు, నిజంగానే వెనక నుంచి. పదమూడో ఏట మొదలుపెట్టి పెళ్లయ్యేదాకా విజయనగరంలో, శ్రీకాకుళంలో, ఈ రెండింటి మధ్య ఉన్న చిన్నాపెద్దా ఊళ్లలో ఎక్కడ కచేరీ జరిగినా, పాట పొడుగునా ఆధారస్వరం మోగిస్తూ ఉండే తంబుర వెయ్యడానికి నన్ను కూర్చోబెట్టేవారు. పాడేవాళ్ల మొహం నాకెప్పుడూ కనిపించలేదు. కనిపించేది వీపు, చెమటకి అంటుకుపోయిన లాల్చీ, జరీ అంచు. గాయకుడికి ఎడమ పక్క వయొలిన్ మీద మా మావయ్య, కుడి పక్క మృదంగం. ముందు కూర్చున్న జనం పాడేవాళ్ల మొహం చూసేవారు, నేను ఈ ఇద్దరి కళ్లు చూసేదాన్ని. పాటలో ఇప్పుడేం జరగబోతోందో నాకు రాగం వినడం కంటే ముందు వాళ్ల కళ్లలో తెలిసిపోయేది.

ఇంత కాలం తర్వాత ఇది రాయడానికి కారణం ఒక ఫ్లెక్సీ. నేనే తప్పు చేసిన ఫ్లెక్సీ కాబట్టి ఎవరి మీదా నెపం పెట్టక్కర్లేదు. మూడేళ్ల కిందట ఊళ్లో నాలుగు రోజుల సంగీతోత్సవం చెయ్యాలని కొందరం కలిశాం. పేరు అనవసరం, చిన్న కమిటీ. ఫ్లెక్సీ ప్రూఫు చూడాల్సిన పని నామీద పడింది. పాడడానికి వచ్చే పెద్దాయన ఫొటో మధ్యలో, నిలువెత్తున. కింద వరసగా దాతల ఫొటోలు, గుండ్రంగా కత్తిరించినవి, పద్నాలుగు. ఆ పద్నాలుగు సర్దేసరికి చోటు అయిపోయింది. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు "మేడమ్, ఇక్కడ 'వయొలిన్, మృదంగ సహకారంతో' అని పెట్టీనా?" అన్నాడు. పెట్టెయ్ అన్నాను. పేర్లు లేవు. నాకు తట్టను కూడా తట్టలేదు.

ఆ వయొలిన్ మా మావయ్యే.

రెండు రోజుల తర్వాత మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆయన ఆ ఫ్లెక్సీ కింద నిలబడి చదువుతూ కనిపించారు. స్కూటీ ఆపాను. ఏమీ అనలేదు. కళ్లజోడు సర్దుకుని, వేలితో చివరి గీత దాకా వెళ్లి, "ఏటమ్మా, మైకు సెట్టువాడి పేరు కూడా ఏసేరు కదా, బాగుంది" అన్నారు. చూస్తే నిజమే. సౌండ్ అండ్ లైటింగ్ ఫలానా అని, కింద రెండు ఫోన్ నంబర్లతో సహా. నాకు అక్కడికక్కడ భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన మాత్రం మామూలుగా కూరగాయల సంచి పట్టుకుని వెళ్లిపోయారు.

తిట్టి ఉంటే ఆ రోజుతో మర్చిపోయేదాన్ని.

ఇది ఏ ఊళ్లో జరిగినా తప్పే, కానీ విజయనగరంలో జరిగితే అందులో ఒక వింత ఉంది. 1919లో ఇక్కడ మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. వయొలిన్ చెప్పడానికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు గారు, అప్పటికి పాతికేళ్లవారు. విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని దాసుగారు నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు అన్నారని మా ఊళ్లో చెప్పుకునే కథ. 1936లో ఆయనే కళాశాలకి అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయన్ని సంగీత కళానిధి అనే తన పెద్ద బిరుదుతో గౌరవించింది. కర్ణాటక సంగీతంలో గాత్రానికి పక్కన కూర్చునే వయొలిన్ని వేదిక మధ్యకి తెచ్చి, అదొక్కటే పూర్తి కచేరీ చెయ్యగలదని చూపించినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆయన్ని ఊరు ఊరంతా 'ఫిడేలు నాయుడు గారు' అనేది. ఇంటిపేరు కంటే వాయిద్యం పేరు ముందు. ఆయన నడిచిన ఊళ్లో, వందేళ్ల తర్వాత, వయొలిన్ వాయించేవాడి పేరుకి చోటు చాల్లేదు అన్నాను నేను.

నాయుడు గారు సోలో కచేరీలు చేశారు కదా, పెద్ద గాయకులకి పక్కవాద్యం కూడా వాయించారు. ఒకటి పై మెట్టు, ఇంకొకటి కింది మెట్టు అనుకుని చేసిన పని కాదది. అందుకే పక్కన కూర్చునేవాళ్లందరినీ తెచ్చి మధ్యలో కూర్చోబెట్టండి అని నేను అడగడం లేదు. పక్క అంటే ఏమిటో మనకి అర్థం కాలేదంటున్నాను. పాడేవాడి వెనకాల నడిచేవాడు అనుకుంటున్నాం. నేను చూసినంతలో కచేరీ పడిపోకుండా పూచీ పడేది వాళ్లు.

ఎలా అంటారా, గ్రీన్‌రూమ్ దగ్గర్నుంచి చెప్తాను. మా వైపు ఉత్సవాల్లో పెద్ద గాయకుడు ఏ హైదరాబాదు నుంచో చెన్నై నుంచో రైల్లో దిగుతాడు. రైలు లేటు. కచేరీ ఆరింటికైతే ఆయన అయిదూ ముప్పావుకి వస్తాడు. రిహార్సల్ అనే మాటే ఉండదు. నాటకాలకి నెల రోజులు, పెళ్లి సంగీత్‌కి వారం రోజులు రిహార్సల్ చేసే కాలంలో, రెండున్నర గంటల కచేరీకి ముగ్గురు మనుషులు ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకుని పావుగంటలో వేదిక ఎక్కేస్తారు. ఏయే కీర్తనలు పాడతారో చెప్పరు. చెప్పినా పాడేటప్పుడు మార్చేస్తారు. అడిగేది ఒకటే మాట, "శ్రుతి ఎంతండీ?"

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. శ్రుతి అంటే గొంతు ఏ ఎత్తులో నిలబడుతుందో అది. మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతికి పాడతారు. ఆడవాళ్లు అయిదు, అయిదున్నర. మృదంగం తిప్పే మీట ఉన్న వస్తువు కాదు, ఒక్కో శ్రుతికి ఒక్కో చెక్క. తక్కువ శ్రుతికి పొడుగు మృదంగం, ఎక్కువ శ్రుతికి పొట్టిది. అందుకని శ్రీకాకుళం వైపు నుంచి మాకు వచ్చే మృదంగం ఆయన (నేను బాబాయి అనేదాన్ని, చుట్టరికం ఏమీ లేదు) ఎప్పుడూ రెండు మోసుకొచ్చేవారు. ఒక గుడ్డసంచి భుజానికి, ఒకటి చంకలో. కుడి మూత మీద కరణి అనే నల్లటి పూత ఆరి పగిలిపోకుండా చూసుకోవాలి. ఎడమ మూతకి కచేరీ ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్దగా అద్దాలి, అప్పుడే గుమ్మని గుమికి పలుకుతుంది. ఆ రవ్వ ఆయన జేబులో చిన్న స్టీలు డబ్బాలో ఉండేది. నీళ్లు మాత్రం మా కమిటీలు ఇవ్వాలి, అదీ మర్చిపోయేవారు. ఒకసారి నా మంచినీళ్ల సీసాలోంచి అరచేతిలో పోసుకుని కలిపారు. తర్వాత రాయీ కర్రముక్కా తీసుకుని మూత అంచు చుట్టూ టకటకా కొడుతూ, చెవి వంచి, మళ్లీ కొట్టి, నా తంబురలో షడ్జంతో, అంటే 'స'తో, కలిసేదాకా కూర్చునేవారు.

ఆరుబయట కచేరీ అయితే ఈ కష్టమంతా గంటలో గంగపాలు. దసరా వెళ్లాక, సిరిమాను జాతర రోజుల్లో మా ఊళ్లో రాత్రి మంచు దిగుతుంది. తోలు తేమ పీల్చుకుని వదులవుతుంది, శ్రుతి జారుతుంది. పాటకీ పాటకీ మధ్య ఆయన మళ్లీ రాయి తీసేవారు. ఆ టకటక మైకులో వినబడితే ముందు వరసలో పెద్దమనుషులు విసుక్కునేవారు. ఇంకా సరిచేసుకోలేదా ఈయన, అని. ఏసీ హాల్లో వేరే గొడవ. ముందు గదిలో ఒక శ్రుతి, వేదిక మీద చల్లగాలికి ఇంకో శ్రుతి. వయొలిన్ తీగలూ అంతే. పాడే ఆయన గొంతుకి మాత్రం ఫ్లాస్కులో వేడినీళ్లు, మిరియాల కషాయం, అన్నీ సిద్ధం.

ఇక వయొలిన్ సంగతి. గాయకుడు రాగం ఎత్తుకుంటాడు. వయొలిన్ ఆ వెంటనే, ఒక ఊపిరి వెనకగా, అదే సంగతిని, అంటే ఆయన పాడిన స్వరాల వరసని, నీడలా పట్టుకుని రావాలి. ఆ సంగతి ఎటు పోతుందో తెలీదు. పైషడ్జం మీద నిలబడతాడో, దిగిపోతాడో, మధ్యలో దగ్గొచ్చి ఆపేస్తాడో. ఆపినచోట ఖాళీ రాకూడదు, అలాగని ఆయన ఊపిరి పీల్చుకునే లోపల ముందుకి దూకేయకూడదు. తర్వాత వయొలిన్ వంతు వస్తుంది. అక్కడ ఆయన పాడినదానికంటే తక్కువసేపు వాయించాలి, ఆయన వెయ్యని రంగు ఒకటో రెండో చూపించాలి, కానీ ఆయన తర్వాత పాడదామనుకున్నది ముందే ఖర్చు పెట్టెయ్యకూడదు. ఇది వినయం అంటారు అందరూ. లెక్క, అంటాను నేను. ఎదుటివాడి బుర్రలో ఏముందో ఊహించి దానికి చోటు వదిలిపెట్టే లెక్క.

ఇప్పుడు ఒక రాత్రి సంగతి చెప్తాను. ఊరు చెప్పను, గాయకుడి పేరూ చెప్పను, ఆయన మంచివాడే, ఆ రోజు అలిసిపోయి ఉన్నాడు. ప్రధానంగా కల్యాణి రాగం తీసుకున్నారు, ఆదితాళం. పల్లవి ఎత్తుగడ సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద, కాదు; అర అక్షరం, అంటే అర దెబ్బ, వదిలేసి మొదలవుతుంది. స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడడం, ఊపందుకుంది. చివర్లో ఒక పెద్ద లెక్క వేసుకుని, తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ వచ్చి, సరిగ్గా పల్లవి అందుకోవాలి. వచ్చేశారు. ఒక అక్షరం ముందు వచ్చేశారు.

తంబుర వేసేవాళ్లకి చేతులు ఖాళీ ఉండవు కదా, నేను తాళం కాలి బొటనవేలితో వేసుకునేదాన్ని చీర కుచ్చిళ్ల కింద. నా వేలు ఇంకా గాల్లో ఉండగానే ఆయన స్వరం అయిపోయింది. ఆయనకీ తెలిసింది, వీపు బిగుసుకుంది, మెడ దగ్గర నరం కనిపించింది నాకు. ఆ పాటలో అది ఎంతసేపు, అర సెకనుకి కాస్త పైన. మావయ్య చివరి మూడు స్వరాలనీ మళ్లీ ఒకసారి లాగారు, ఇది ముందే అనుకున్నదే అన్నట్టు. ఆ మూడింటి కిందా మృదంగం మూడు దెబ్బలు, పొడిగా, స్పష్టంగా. ఖాళీ నిండిపోయింది. గాయకుడు అర అక్షరం దగ్గర పల్లవి అందుకున్నారు. చప్పట్లు. ముందు వరసలో ఒకాయన "ఆహా, ఏం లెక్కండీ" అని పైకే అన్నారు.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. అదే నాకు ఆశ్చర్యం. మావయ్య వయొలిన్ కమాను వైపు చూస్తున్నారు, బాబాయి నేలవైపు చూస్తున్నారు. రాత్రి బాబాయిని ఆటోలో బస్ కాంప్లెక్స్‌కి దింపడానికి వెళ్తూ అడిగేశాను, అక్కడ తాళం తప్పారు కదా అని. బాబాయి నవ్వారు. "తప్పడవేటమ్మా. కొంచిం ముందర పడిపోనాడు. మేం కింద తలగడ పెట్టీసేం."

పొద్దున్న పేపర్లో ఆ కచేరీ గురించి నాలుగు లైన్లు వచ్చాయి. గాయకుడి లయజ్ఞానం శ్రోతల్ని అబ్బురపరిచిందని రాశారు. చివర్లో, అలవాటైన వాక్యం: వయొలిన్, మృదంగంపై చక్కగా సహకరించారు.

సహకరించారు! ఆ మాట మీద నాకు కోపం. రేడియోలో కూడా చిన్నప్పట్నుంచీ వింటున్నాం, 'వయొలిన్ సహకారం, మృదంగ సహకారం' అని. రేడియోని అనను, వాళ్లు కనీసం పేర్లన్నా చదువుతారు, ప్రతిసారీ, ముందూ వెనకా. నిలయ విద్వాంసులని ఉద్యోగాలిచ్చి దశాబ్దాల పాటు పక్కవాద్యం వాయించేవాళ్లకి నెల జీతం ఇచ్చిన సంస్థ అది. విజయవాడ రేడియోలో పనిచేసిన అన్నవరపు రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆయనకి తొంభై దాటాయి. ఎందరు గాయకుల ఎడమ పక్కన కూర్చున్న చెయ్యో అది. కానీ సహకారం అనే మాట మన వార్తల్లోకీ, ఫ్లెక్సీల్లోకీ, వందన సమర్పణలోకీ వచ్చేసరికి దాని అర్థం బ్యాంకు ఫారం నింపడంలో సహకరించారు అన్నంతకి దిగిపోయింది.

ఇంకో మెచ్చుకోలు ఉంది, అది ఇంకా ప్రమాదం. "ఎంత బాగా వాయించారండీ, అసలు ఉన్నట్టే తెలియలేదు." పక్కవాద్యానికి ఇంతకంటే పెద్ద బిరుదు లేదన్నట్టు చెబుతారు. నేనూ చాలా ఏళ్లు అదే గొప్ప అనుకున్నాను. ఉన్నట్టు తెలియకపోవడం వాయించినవాడి గొప్పతనమా, విన్నవాడి చెవిలో లోపమా? వంటలో ఉప్పు సరిపోయిందని తెలుస్తుంది కదా, ఉప్పు ఉన్నట్టే తెలియలేదు అని ఎవరూ వంటమనిషిని మెచ్చుకోరు. ఆ కల్యాణి రాత్రి మూడు దెబ్బలూ అందరికీ వినిపించాయి. వినిపించలేదని కాదు, ఎవరివో పట్టించుకోలేదు.

నారాయణదాసు గారి గురించి మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు, చేతులతో, కాళ్లతో, తలతో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని, లయబ్రహ్మ అని. సరే. ఆయన పక్కన ఆ రోజుల్లో మృదంగం వాయించిన మనిషి ఎవరు? అయిదు తాళాలు వేస్తూ హరికథ నడిపించే మనిషి పక్కన కూర్చుని బతికి బట్టకట్టినవాడు కూడా తక్కువవాడు కాదు కదా. మా ఊళ్లో నేనడిగిన వాళ్లెవరూ పేరు చెప్పలేకపోయారు. మద్రాసు అకాడమీ కూడా మృదంగ విద్వాంసుడికి సంగీత కళానిధి ఇవ్వడానికి 1966 దాకా ఆగింది, పాల్ఘాట్ మణి అయ్యర్ గారి వంతు వచ్చేదాకా. అంటే ఈ జబ్బు మా ఊరిది మాత్రమే కాదు. అది చెప్పుకుని మేం తృప్తి పడక్కర్లేదు.

తని ఆవర్తనం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ప్రధాన కీర్తన చివర గాయకుడు ఆగి, తాళం వేస్తూ, పదీ పదిహేను నిమిషాలు మృదంగానికి వదిలేస్తాడు. రెండున్నర గంటల్లో ఆయనకి దొరికే సొంత స్థలం అదొక్కటే. అప్పుడే హాల్లో కుర్చీలు కిర్రుమంటాయి. సగంమంది టీకి, మిగిలినవాళ్లు ఫోన్ చెయ్యడానికి. పిల్లల్ని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడానికి కూడా ఇదే ముహూర్తం. ఒకసారి మా కమిటీ సభ్యుడే ఆ సమయంలో వేదిక ఎక్కి గాయకుడి చెవిలో సన్మానం శాలువా గురించి మాట్లాడాడు. ఆయన తాళం వేస్తూనే తలూపుతున్నాడు. బాబాయి ఒక్క క్షణం చెయ్యి ఆపలేదు, కానీ నేను ఆ వేళ్లు చూశాను, ముక్తాయింపు తొందరగా వేసి ముగించేశారు. పదిహేను నిమిషాలు అనుకున్నది ఆరు నిమిషాలు. హాలు మళ్లీ నిండింది, మంగళం పాడారు.

తని వినడం కష్టమేమీ కాదు, పక్కన ఒకరు చెప్పేవాళ్లుంటే చాలు. మీరు లెక్క చెయ్యక్కర్లేదు. చేత్తో తాళం వేస్తూ ఉండండి, మృదంగం మీ చేతికి అడ్డంగా ఎటెటో పోతుంది, ఇంక కలవదు అనుకుంటారు, మూడుసార్లు ఒకే మాట తిప్పి తిప్పి చెప్పి సరిగ్గా మీ చెయ్యి పడేచోట పడుతుంది. మా అమ్మాయికి పదేళ్లప్పుడు ఇది చెప్పాను, క్రికెట్‌లో చివరి ఓవర్ చూసినట్టు చూసింది.

డబ్బు సంగతి. మా కమిటీలో గాయకుడికి ఇచ్చిన దాంట్లో పదో వంతు కూడా వయొలిన్‌కి ఇవ్వలేదు, మృదంగానికీ అంతే. ఎంతో రాయను, సిగ్గు. గాయకుడికి ఏసీ టికెట్టు, హోటల్, కారు. వీళ్లకి ప్రయాణ ఖర్చులు లేవు. ఎందుకంటే 'లోకల్ ఆర్టిస్టులు'. శ్రీకాకుళం నుంచి రెండు మృదంగాలతో బస్సెక్కి, కండక్టరుతో లగేజీ టికెట్ గొడవపడి, కచేరీ అయ్యేసరికి పదిన్నర దాటి, ఆఖరి బస్సు పోతే కాంప్లెక్స్‌లో సిమెంటు బెంచీ మీద మృదంగం తలకింద పెట్టుకుని తెల్లారగట్ల బస్సుదాకా ఉన్న మనిషి లోకల్! తలగడ పెట్టీసేం అన్నాయన రాత్రి ఆయన తల కింద ఏముందో ఆటోలోంచి దింపి వచ్చేసిన నాకు చాన్నాళ్ల తర్వాత గానీ తెలియలేదు. అది కూడా వాళ్లావిడ చెబితే.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు, మా కమిటీలోనే విన్నాను. జనం వచ్చేది గాయకుడి కోసం, దాతలు ఇచ్చేది ఆయన పేరు చూసి, టికెట్ లేని కచేరీలో డబ్బెక్కడిది అని. నిజమే, కాదనను. గాయకుడితో సమానంగా ఇమ్మనడం లేదు. పద్నాలుగు శాలువాలు, పద్నాలుగు జ్ఞాపికలు, వేదిక మీద నలభై నిమిషాల సన్మానాలు, వీటికి దొరికిన డబ్బు ఒక బస్సు టికెట్‌కీ ఒక లాడ్జి గదికీ దొరకదా అంటున్నాను. దాతల ఫొటోలకి దొరికిన చోటు రెండు పేర్లకి దొరకదా అంటున్నాను. మావయ్యకి కూడా జ్ఞాపిక ఇస్తారు, ఇంట్లో అటక మీద ఓ గోనెసంచీడు ఉన్నాయి. మా అత్త వాటిని చూసినప్పుడల్లా వీటితో వయొలిన్ తీగలొస్తాయేమో అడిగి చూడమంటుంది.

పేరున్నవాళ్లు ఈమధ్య తమ పక్కవాద్యాలని తామే వెంట తెచ్చుకుంటున్నారు. మా సెట్‌తోనే వస్తాం అని ముందే చెప్పేస్తారు. వాళ్లని తప్పు పట్టను. రోజూ కలిసి వాయించేవాళ్లతో పాడితే ధైర్యం, ఆ తలగడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కానీ దానివల్ల సంగీత కళాశాలలో డిప్లొమా చేసి బయటికొచ్చిన కుర్రాడు పెద్ద గాయకుడి పక్కన కూర్చునే రోజే రాదు. ఈ విద్య గదిలో రాదు. ఎదుటి మనిషి తప్పితే ఎలా కాయాలో తప్పేవాళ్ల పక్కన వందసార్లు కూర్చుంటేనే వస్తుంది. మావయ్య తరం అలా తయారైంది, ఈ తరం రీల్స్‌కి సినిమా పాటలు వాయించుకుంటోంది. తప్పేమీ లేదు, డబ్బులు కూడా వస్తున్నాయి, కానీ ఫోన్ కెమెరా ఎప్పుడూ తాళం తప్పదు.

పక్కవాళ్లందరూ మహానుభావులని కూడా చెప్పను. గాయకుణ్ణి తొక్కేసి వాయించేవాళ్లని చూశాను, మైకు కుర్రాడికి వందిచ్చి తన సౌండ్ పెంచుకున్నవాళ్లని చూశాను. మా మావయ్యకే ఒక దశలో పొగరుండేది. ఒక కొత్త గాయని రాగం పాడితే, ఆ అమ్మాయి పాడినదానికి రెట్టింపు సేపు వాయించి ఆమె మొహం చిన్నబోయేలా చేశారు. దానికి నేను తంబుర వెనక నుంచి సాక్షిని. ఆ రోజుకి ఒకటి రెండు తరాల ముందైతే పేరున్న మృదంగ విద్వాంసులు కొందరు ఆడవాళ్ల పాటకి మేం వాయించం అనే చెప్పేవారు. పక్కన కూర్చున్నంత మాత్రాన మనిషికి పెద్దరికం పోదు, పెత్తనమూ పోదు. నాకు తంబుర ఎందుకిచ్చారంటే, నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నా ఆడపిల్ల రాత్రి కచేరీలకి ఊళ్లు తిరుగుతుందా అని. తంబురకి మాత్రం అదే రాత్రి, అవే ఊళ్లు.

సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? మా వైపు పెళ్లిళ్లలో సన్నాయి ఆయన పక్కన ఒక కుర్రాడు అదే ఆకారంలో ఇంకో సన్నాయి పట్టుకుని ఒకటే స్వరం ఊదుతూ ఉండేవాడు. ఒకటే, గంటలకొద్దీ. బుగ్గల్లో గాలి నింపుకుని, ఆ గాలి వదులుతూ ముక్కుతో పీలుస్తూ, తెగకుండా. తలంబ్రాల దగ్గర అందరూ నవ్వుతుంటే వాడు నవ్వలేడు, నవ్వితే శ్రుతి తెగుతుంది. వాడికి వచ్చేది అందరికంటే తక్కువ. ఇప్పుడు ఆ కుర్రాడు లేడు, పెట్టె వచ్చింది. నా ఉద్యోగం కూడా అలాగే పోయింది. ఎలక్ట్రానిక్ తంబుర వచ్చిన రోజు గాయకులందరూ హాయి అన్నారు. శ్రుతి కదలదు, ఆకలనదు, ఆటో అడగదు. నిజమే. తంబురలో తీగలు ఆనే గుర్రం మీద తీగ కింద నూలుపోగు ఒక వెంట్రుక మందం జరిపితే నాదం విచ్చుకునేది కదా, అది పెట్టెకి తెలీదు. అదొక్కటే నా ఏడుపు.

మొన్న ఉత్సవానికి ఫ్లెక్సీ ప్రూఫు మళ్లీ నా దగ్గరికే వచ్చింది. దాతల ఫొటోలన్నీ తీయించేశాను. ఇద్దరు అలిగారు, ఒకాయన చందా సగం తగ్గించాడు, పరవాలేదు. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, నాలుగు పేర్లూ ఒకే సైజులో. బయటి ఊరి నుంచి వచ్చే ప్రతివాళ్లకీ గది, రాను పోను ఛార్జీలు అని ముందే రాసుకున్నాం. తని సమయంలో తలుపులు మూస్తామని కూడా తీర్మానం చేశాం, దాని మీద మాత్రం టీ స్టాల్ వాళ్లతో ఇంకా గొడవ నడుస్తోంది.

మావయ్యకి చెయ్యి వణుకుతోంది, ఇప్పుడు కచేరీలకి వాయించడం లేదు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడు వాయిస్తున్నాడు. ఫ్లెక్సీ చూపిద్దామని నేనే తీసుకెళ్లాను, అదే మూడు లాంతర్ల దగ్గరికి. కళ్లజోడు సర్దుకున్నారు. వేలితో ఒక్కో పేరూ చదివారు, చివరి గీత దాకా.

"బాగుందమ్మా. తంబుర ఎవరు?"

"ఎవరూ లేరు మావయ్యా. ఫోన్లో యాప్ పెడతారు."

"మరి దాని పేరెయ్యలేదేటి?" అన్నారు.